ప్లగ్గు కుదరడం వేరు, పోర్టు కుదరడం వేరు

ప్రశ్న ఇదీ: ఆదోని యార్డు దగ్గర పత్తి, వేరుశనగ కమీషన్ మండీ. ఎక్స్‌పీ నడిచే పాత కంప్యూటర్ ఇవాళో రేపో అన్నట్టుంది. విండోస్ 11 ఉన్న కొత్తది కొన్నారు. దాని వెనక యూఎస్‌బీ సాకెట్లు, ఒక హెచ్‌డీఎంఐ, నెట్ కేబుల్ సాకెట్ తప్ప ఏమీ లేవు. చేతిలో ఉన్న సామాను: ఎప్సన్ ఎల్‌ఎక్స్-300 ప్లస్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, కంప్యూటర్‌కు తూకం పంపే కాటా, కానన్ ఎల్‌బీపీ 2900, గుండ్రటి పిన్ను టీవీఎస్ గోల్డ్ కీబోర్డు, కానన్ లైడ్ 20 స్కానర్, వీజీఏ మానిటర్. తక్‌పట్టీలు (రైతుకిచ్చే తూకం, లెక్క బిల్లులు) ఎప్పుడో ఫాక్స్‌ప్రో అనే పాత భాషలో రాయించుకున్న డాస్ (విండోస్‌కు ముందు కాలం) ప్రోగ్రాంలో వస్తాయి. "బెంగుళూరు ఎస్పీ రోడ్డుకు మనిషి పోతున్నాడు, ఏమేం కన్వర్టర్లు తేవాలో రాసి పంపండి" అన్నారు.

మనిషిని రెండు రోజులు ఆపండి. కన్వర్టర్లతో తీరే పని ఇందులో సగమే. ప్లగ్గు ఎలాగైనా కుదురుతుంది, దానికి తగిన ముక్క ఎక్కడైనా దొరుకుతుంది. అసలు చిక్కు మీ ప్రోగ్రాం ఏ పోర్టు పేరు పిలుస్తోంది, కొత్త విండోస్‌లో ఆ పేరుతో పలికేది ఏదైనా ఉందా అన్నచోట. ఇది చూసుకోకుండా కొన్న కేబుళ్లే చాలా దుకాణాల్లో సొరుగుల్లో పడి ఉంటాయి.

ముందు పాత మిషన్ బతికుండగానే చేయాల్సినవి. దాని వెనక వైపు ఏ వైరు ఎక్కడ ఉందో ఫోన్‌లో ఫోటో తీయండి. ప్రింటర్స్ కిటికీ తెరిచి ప్రతి ప్రింటర్‌కూ డ్రైవర్ పేరు, పోర్టు పేరు, కాగితం సైజు రాసుకోండి. కాటా ప్రోగ్రాం సెట్టింగుల్లో ఉన్న కామ్ పోర్టు (కాటా వైరు తగిలే సీరియల్ పోర్టు) నంబరు, స్పీడు, డేటా బిట్స్, ప్యారిటీ, స్టాప్ బిట్స్ అనే అయిదు అంకెలూ కాగితం మీద పెట్టండి. తర్వాత వీటిని ఊహించి పట్టుకోవాలంటే పూట పడుతుంది. ఫాక్స్‌ప్రో ఫోల్డర్ మొత్తం రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించండి. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32 లోపల ఉండే కాన్ఫిగ్.ఎన్‌టీ ఫైల్ కూడా తీసుకోండి. అందులో "ఫైల్స్=" అన్న వరుసలో ఉన్న అంకె కొత్త చోట కూడా కావాలి. లేకపోతే ఫైళ్లు ఎక్కువ తెరిచే ఫాక్స్‌ప్రో ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతుంది. కొత్తదాంట్లో వారం రోజులు తక్‌పట్టీలు సాఫీగా వచ్చేదాకా పాతదాన్ని పాత సామాన్ల వాడికి వేయకండి.

ఇక ప్రోగ్రాం సంగతి. విండోస్ 11 పీసీలకు 64 బిట్‌లో మాత్రమే వస్తుంది. అందులో 16 బిట్ డాస్ ప్రోగ్రాం అసలు లేవదు. ఐకాన్ నొక్కగానే ఈ యాప్ మీ పీసీలో నడవదని ఒక నీలం పెట్టె వస్తుంది, అంతే. 32 బిట్ విండోస్ 10లో ఇంకా నడిచేది కానీ, దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. కాబట్టి పాత డాస్ ప్రోగ్రాంకు ఒక డొల్ల ఇల్లు, అంటే విండోస్ లోపల డాస్‌లా నటించే ప్రోగ్రాం, కట్టాలి. వీడాస్, డాస్‌బాక్స్-ఎక్స్ అని రెండున్నాయి. డాస్‌బాక్స్-ఎక్స్ ఉచితమే. మామూలు డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది, లెక్కలకు దాన్ని వాడకండి. వీడాస్ అయితే ఇలాంటి లెక్కల ప్రోగ్రాంల కోసమే పుట్టింది. ప్రోగ్రాం విజువల్ ఫాక్స్‌ప్రోలోనో విజువల్ బేసిక్ 6లోనో రాసి ఉంటే అది 32 బిట్‌ది, డొల్ల ఇల్లు అక్కర్లేదు, నేరుగా నడుస్తుంది.

ఇప్పుడు ప్రింటర్. తక్‌పట్టీకి కార్బన్ కాపీలు కావాలి కాబట్టి డాట్ మ్యాట్రిక్స్‌ను వదిలే పని లేదు. ముందు దాని వెనక్కి ఒకసారి తిప్పి చూడండి. ముందు ప్లేటు మీద ఎల్‌ఎక్స్-300 ప్లస్ తర్వాత రోమన్ రెండు గీతలున్నా, లేక ఎల్‌ఎక్స్-310 అయినా, వెడల్పాటి 36 పిన్నుల సాకెట్ పక్కన చతురస్రంగా యూఎస్‌బీ సాకెట్ ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే కన్వర్టర్ కొంటారు. అది ఉంటే మామూలు ప్రింటర్ యూఎస్‌బీ కేబుల్ ఒక్కటి చాలు. ఉత్త ఎల్‌ఎక్స్-300 ప్లస్ అయితే ఆ సాకెట్ ఉండదు, అప్పుడే కన్వర్టర్ కేబుల్ మాట.

ఆ కేబుల్ రెండు రకాలు. ఒకటి యూఎస్‌బీ నుంచి నేరుగా 36 పిన్నులది, ప్రింటర్‌కు అటే దిగుతుంది. రెండోది యూఎస్‌బీ నుంచి 25 పిన్నులది, మీ పాత లావు కేబుల్‌ను దానికి తగిలించాలి. మొదటిదే తీసుకోండి. జాయింటు తగ్గితే తగాదా తగ్గుతుంది. పొడవు రెండు మీటర్లు దాటనీయకండి. 36 పిన్నుల ప్లగ్గు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు ప్రింటర్ స్విచ్ ఆపి ఉండాలి. రెండు పక్కలా ఉన్న తీగ కొక్కేలు లోపలికి నొక్కితేనే ప్లగ్గు గట్టిగా కూర్చుంటుంది. కొక్కెం వదిలేస్తే ప్రింటర్ హెడ్ అదురుకు ప్లగ్గు కొంచెం కొంచెంగా జారి, బిల్లు మధ్యలో అక్షరాలు మారిపోతాయి.

కేబుల్ గుచ్చగానే డివైస్ మేనేజర్‌లో "యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్" అని ఒక్క వరుస వస్తుంది. ప్రింటర్ మాత్రం తనంతట తాను రాదు. ఇక్కడే జనం కేబుల్ పాడైందనుకుంటారు. ప్రింటర్స్ పేజీలో యాడ్ నొక్కి, మాన్యువల్‌గా కలుపుతానన్న దారి పట్టి, ఉన్న పోర్టుల లిస్టులో "యూఎస్‌బీ001" ఎంచుకోండి. తయారీదారు ఎప్సన్ కింద ఎల్‌ఎక్స్ పేరుతో ఉన్న డ్రైవర్ తీసుకోండి. లిస్టులో లేకపోతే అదే కిటికీలో విండోస్ అప్‌డేట్ బటన్ నొక్కి ఆగండి, లిస్టు పెరుగుతుంది. ఎల్‌క్యూ డ్రైవర్ మాత్రం పెట్టకండి. అది 24 పిన్నుల హెడ్‌కు, మీది 9 పిన్నులది. పెడితే తెలుగు గాదు, ఇంగ్లీషు గాదు అన్నట్టు గీతలు వస్తాయి. తర్వాత ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ పేజీకి పోయి "ఎనేబుల్ బైడైరెక్షనల్ సపోర్ట్" టిక్కు తీసేయండి. చవక కన్వర్టర్లు ప్రింటర్ ఇచ్చే జవాబును సరిగా వెనక్కి మోయలేవు. ఆ టిక్కు ఉంటే ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపుతూ ఉంటుంది.

కాగితం సైజు సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. డ్రైవర్ పెట్టగానే కాగితం ఏ4 అని ఉంటుంది, అంటే 11.69 అంగుళాలు. మీరు వాడే రంధ్రాల కాగితం 12 అంగుళాలదైతే, ఒక్కో బిల్లుకు 0.31 అంగుళం, అంటే దాదాపు 8 మిల్లీమీటర్లు తక్కువ జరుగుతుంది. అంగుళానికి ఆరు వరుసలు కాబట్టి అది రెండు వరుసలంత. మొదటి బిల్లు బాగుంటుంది, రెండోది కొంచెం పైకి పోతుంది, అయిదారు బిల్లులయ్యేసరికి మండీ పేరు చింపే గీత మీద పడుతుంది. అది ప్రింటర్ జబ్బనుకుని హెడ్డూ రోలరూ విప్పించుకున్న వాళ్లున్నారు. మందు చిన్నది. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో కొత్త ఫారం అని కొట్టి, వెడల్పు 10, ఎత్తు 12 అంగుళాలు ఇచ్చి (సగం కాగితమైతే ఎత్తు 6), ఒక పేరు పెట్టి సేవ్ చేయండి. ఆ తర్వాత ప్రింటర్ ప్రాపర్టీస్‌లోనూ, ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లోనూ, రెండు చోట్లా అదే ఫారం ఎంచుకోండి. ఒక్కచోట మార్చి రెండోచోట మరిచిపోవడం మామూలే. డాస్ ప్రోగ్రాం ప్రింటు అయితే విండోస్ ఫారాన్ని చూడదు. పేజీ పొడవు ప్రింటర్ లోపలి సెట్టింగులోనో ప్రోగ్రాం పంపే కోడ్‌లోనో ఉంటుంది. 12 అంగుళాలకు 72 వరుసలు, 11కి 66.

టాలీప్రైమ్ కూడా వాడుతుంటే ప్రింట్ ఫార్మాట్‌లో నీట్ మోడ్ వదిలి డాట్ మ్యాట్రిక్స్ పెట్టండి. నీట్ మోడ్‌లో పేజీ మొత్తం బొమ్మగా పోతుంది, పాత ఎల్‌ఎక్స్ ఆ బొమ్మను ఏడుస్తూ కొడుతుంది.

ఇక ఎల్‌పీటీ1 గోల. ఎల్‌పీటీ1 అంటే పాత ప్రింటర్ పోర్టు పేరు. డాస్ రోజుల్లో అది మదర్‌బోర్డు మీద ఒక నిజమైన చిరునామా. మీ కన్వర్టర్ కేబుల్‌కు ఆ చిరునామా లేదు, అది విండోస్‌కు ప్రింటర్‌లా కనిపిస్తుందే తప్ప పోర్టులా కనిపించదు. కాబట్టి "ఎల్‌పీటీ1కి పంపు" అనే ప్రోగ్రాం రాసింది గాల్లో కలిసిపోతుంది. దీనికి దారి ప్రింటర్‌ను షేర్ చేసి ఎల్‌పీటీ1 అన్న పేరును ఆ షేర్‌కు కట్టేయడం:

1. విండోస్ టెస్ట్ పేజీ వచ్చిందని ముందు చూసుకోండి. అది రాకుండా ముందుకు పోకండి.
2. ప్రింటర్ ప్రాపర్టీస్, షేరింగ్‌లో టిక్కు పెట్టి పొట్టి పేరు ఇవ్వండి. ఖాళీలు వద్దు. "డాట్" అనుకుందాం.
3. కమాండ్ ప్రాంప్ట్ మామూలుగా తెరవండి. "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" నొక్కకండి. అడ్మినిస్ట్రేటర్‌గా కట్టిన పేరు మామూలుగా తెరిచిన ప్రోగ్రాంకు కనిపించదు. ఎక్కువమంది చిక్కుకునేది ఈ మెట్టు మీదే.
4. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ మాట కొట్టండి: నెట్ యూజ్ ఎల్‌పీటీ1: \\కంప్యూటర్‌పేరు\డాట్ /పర్సిస్టెంట్:యెస్
5. ఇప్పుడు డిర్ > ఎల్‌పీటీ1 అని కొట్టండి. ఫోల్డర్ లిస్టు ప్రింటర్ మీద టకటకా రావాలి.

నెట్ కేబుల్, వైఫై రెండూ లేనప్పుడు నాలుగో మెట్టు మొరాయిస్తుంది. నెట్‌వర్క్ ఏదీ లేదని విండోస్ అనుకోవడమే కారణం. డివైస్ మేనేజర్‌లో యాడ్ లెగసీ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ అడాప్టర్లు, మైక్రోసాఫ్ట్ కింద కేఎం-టెస్ట్ లూప్‌బ్యాక్ అడాప్టర్ వేస్తే కుదురుకుంటుంది. యార్డులో నెట్ పోయినప్పుడల్లా బిల్లులు ఆగకుండా ఉండాలంటే ఇది వేసుకోవడమే మేలు.

ఈ అయిదు మెట్లూ 32 బిట్ ప్రోగ్రాంకు సరిపోతాయి. డాస్ ప్రోగ్రాం డొల్ల ఇంట్లో ఉంది కాబట్టి ఇంకొక గడప ఉంది. డాస్‌బాక్స్-ఎక్స్ తన ఎల్‌పీటీ1కి వచ్చిన ప్రింటును ఫైల్‌లోకి రాయగలదు, ప్రింటు ఆగిన తర్వాత మీరు చెప్పిన ప్రోగ్రాంను ఆ ఫైల్‌తో తెరవగలదు. అక్కడ ఒక చిన్న బ్యాచ్ ఫైల్ పెట్టి, అందులో కాపీ /బీ తో ఆ ఫైల్‌ను \\కంప్యూటర్‌పేరు\డాట్‌కు తోసేస్తే, లావు అక్షరాల కోడ్, సన్న అక్షరాల కోడ్ అన్నీ చెక్కు చెదరకుండా ప్రింటర్ చేరతాయి. /బీ మరవకండి. అది లేకపోతే కోడ్‌ల మధ్యలో ఫైల్ అయిపోయిందనుకుని సగంలో ఆగే ప్రమాదం ఉంది. వీడాస్ అయితే ప్రింటును తానే విండోస్ డ్రైవర్‌కు అందించి పేజీ గీసుకుంటుంది. మొదలుపెట్టడం సులువు, కానీ ముందే అచ్చు వేయించిన బిల్లు పుస్తకంలో గళ్లకు సరిగ్గా పడాలంటే మొదటి దారే నయం.

ఈ ఏర్పాటును ఎల్‌బీపీ 2900కు కట్టాలని చూడకండి. దానికీ, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కీ సొంత బుర్ర లేదు. పేజీని కంప్యూటరే గీసి పంపాలి, ఉత్త అక్షరాలు పంపితే వాటికి అర్థం కాదు. క్యూలో పని కనిపిస్తుంది, లైటు మినుకుతుంది, కాగితం మాత్రం రాదు.

ఏమీ రాకపోతే తప్పు ఎవరిదో తేల్చే చిట్కా ప్రింటర్‌లోనే ఉంది. స్విచ్ ఆపి, ఎల్‌ఎఫ్/ఎఫ్ఎఫ్ బటన్ నొక్కిపట్టి స్విచ్ వేయండి. సొంతంగా వరుసలు కొడితే హెడ్డు, రిబ్బను బాగున్నట్టే. మళ్లీ ఆపి, ఈసారి ఎల్‌ఎఫ్/ఎఫ్ఎఫ్, లోడ్/ఎజెక్ట్ రెండూ కలిపి నొక్కిపట్టి వేయండి. ఇప్పుడు ప్రింటర్ తనకు వచ్చిన ప్రతి బైటునూ అంకెల జంటగా కొడుతుంది. బిల్లు పంపండి. 1బీ 40 అని మొదలైతే ప్రోగ్రాం పంపుతోంది, ప్రింటర్‌కు చేరుతోంది. ఒక్క అంకె కూడా రాకపోతే దారిలోనే పోతోందని అర్థం. అప్పుడు ప్రింటర్‌ను వదిలి కేబుల్, షేర్ పేరు చూడండి.

కన్వర్టర్ కేబుల్ ఒక్కదాన్నే నమ్మక్కర్లేదు. క్యాబినెట్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఖాళీ స్లాటు ఉంటే ప్యారలల్ కార్డు (పాత 25 పిన్నుల ప్రింటర్ సాకెట్ ఇచ్చేది) వేయించుకోవచ్చు. అప్పుడు విండోస్‌లో నిజమైన ఎల్‌పీటీ పేరు వస్తుంది, షేర్ గొడవ ఉండదు. రోజుకు వందల తక్‌పట్టీలు కొట్టే మండీకి నా ఓటు కార్డుకే. చిన్న క్యాబినెట్ అయితే పొట్టి పట్టీ ఉన్న కార్డు అడగండి, పొడుగుది మూత మూయనివ్వదు. ఇంకో మాట: ప్రింటర్ కేబుల్ మధ్యలో అగ్గిపెట్టెంత సాఫ్ట్‌వేర్ తాళం, అదే డాంగిల్, ఉన్న ప్రోగ్రాం ఏదైనా ఉంటే యూఎస్‌బీ కన్వర్టర్‌తో అది పలకదు. ఆ కేబుళ్లు ప్రింటర్లకు తప్ప ఇంక దేనికీ పనికిరావు.

కాటాకు పోదాం. ముందుగా హెచ్చరిక: తూకం చూపే ఇండికేటర్ పెట్టె విప్పకండి. తూనికలు కొలతల శాఖ వేసిన సీలు తెగితే మళ్లీ ముద్ర వేయించుకునేదాకా ఆ కాటాతో తూచకూడదు. చేయాల్సిన పనంతా బయటి వైరు దగ్గరే.

యూఎస్‌బీ నుంచి 9 పిన్నుల సీరియల్ కన్వర్టర్ కావాలి. ఇందులో లోపలి చిప్‌ను బట్టి బతుకు ఉంటుంది. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది మేలు. సీహెచ్340 చవక, మామూలు కాటాకు చాలు. పీఎల్2303 పాత రకాలను విండోస్ 11 డ్రైవర్ ఒప్పుకోదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు వేసి, ఈ చిప్ 2012 నుంచే ఆగిపోయింది, అమ్మినవాణ్ణి అడగండి అని పేరు చోటనే రాస్తుంది. పాత డ్రైవర్ చేత్తో ఎంచుకుంటే కొన్నాళ్లు నడుస్తుంది, అప్‌డేట్ వచ్చిన రాత్రి మళ్లీ మొదటికొస్తుంది. ఎఫ్‌టీడీఐ పేరుతో నకిలీలూ ఎక్కువే. 2014లో ఆ కంపెనీ డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి నకిలీ చిప్‌ల గుర్తింపు నంబరును సున్నా చేసేసింది, రాత్రికి రాత్రే కన్వర్టర్లు మూగపోయాయి. ప్రయోగాలకు వాడే చిన్న పచ్చ బోర్డులను కూడా ఇవే అని అంటగడతారు. అవి 5 వోల్టులవి, కాటా వైరులో రుణ వోల్టేజీ కూడా వస్తుంది, కాలిపోతాయి.

కన్వర్టర్ గుచ్చాక కాటా పెట్టకముందే దాన్ని పరీక్షించండి. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద కామ్ నంబరు చూడండి. పుట్టీ అనే ఉచిత ప్రోగ్రాంలో సీరియల్ ఎంచుకుని, ఆ కామ్ నంబరు ఇచ్చి, ఫ్లో కంట్రోల్ నన్ పెట్టి తెరవండి. కన్వర్టర్ 2, 3 పిన్నులను ఒక పిన్నీసుతో కలపండి. మీరు కొట్టిన అక్షరం తెర మీద తిరిగి కనిపిస్తే కన్వర్టర్ మంచిదే. పిన్నీసు తీస్తే అక్షరాలు ఆగాలి.

ఇప్పుడు కాటా వైరు పెట్టండి. తెర ఖాళీగా ఉంటే, పంపే వైరు పంపే పిన్ను మీదే పడినట్టు. ఊహించనక్కర్లేదు. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, కాటా వైరు కొసన నల్ల తీగ 5వ పిన్ను మీద, ఎర్ర తీగ 2 మీద, తర్వాత 3 మీద పెట్టి చూడండి. ఊరుకున్నప్పుడు పంపే పిన్ను మీద రుణ వోల్టేజీ ఉంటుంది, మైనస్ 5 నుంచి మైనస్ 12 దాకా. అందుకునే పిన్ను మీద దాదాపు సున్నా. రుణం చూపిన తీగ కంప్యూటర్ వైపు 2వ పిన్నుకు పోవాలి. పోకపోతే 2, 3 అటూ ఇటూ మార్చిన నల్ మోడెమ్ ముక్క మధ్యలో పెట్టండి. పుట్టీలో తూకం వస్తూ మీ ప్రోగ్రాంలో మాత్రం రాకపోతే, ప్రోగ్రాం అవతలి వాడు సిద్ధమా అని వేరే పిన్నుల్లో చూస్తోందని అనుమానించండి. కంప్యూటర్ వైపు ప్లగ్గులో 7, 8 కలిపి, 1, 4, 6 కలిపి అతికిస్తే దాని అనుమానం తీరుతుంది. పుట్టీ మూసిన తర్వాతే ప్రోగ్రాం తెరవండి, ఒక కామ్ పోర్టును ఇద్దరు పట్టుకోలేరు.

తెర మీద పిచ్చి గీతలు వస్తే ఆ పిచ్చిని చదవచ్చు. అన్నీ చెత్త అయితే స్పీడు తప్పు. 1200, 2400, 4800, 9600 వరుసగా మార్చి చూడండి. కొన్ని అంకెలు సరిగా వచ్చి కొన్ని చెడితే అది ప్యారిటీ (తప్పు పట్టేందుకు కలిపే అదనపు బిట్టు) తప్పు, స్పీడు సరైనదే. 0, 3, 5, 6, 9 బాగా కనిపించి 1, 2, 4, 7, 8 మాత్రం వింత అక్షరాలైతే, కాటా 7 డేటా బిట్లు, ఈవెన్ ప్యారిటీతో పంపుతోంది, మీరు 8 బిట్లు, నో ప్యారిటీతో చదువుతున్నారు. ఒక్కటి అనే అంకె కోడులో మూడు ఒకట్లు ఉంటాయి. బేసి కాబట్టి ప్యారిటీ బిట్టు లేచి అంకె రూపం మారిపోతుంది. సున్నాలో రెండే, సరి కాబట్టి చెదరదు. కాటా మీద 50 కిలోల బస్తా పెట్టి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, 48 రాగానే బయటపడుతుంది. పరీక్షకు అన్ని అంకెలూ వచ్చే బరువులు పెట్టండి.

కామ్ నంబరు గురించి రెండు మాటలు. పాత ప్రోగ్రాంలు కామ్1 నుంచి కామ్4 దాకానే ఎరుగుతాయి, విండోస్ ఏ 7వ నంబరో ఇస్తుంది. పోర్టు ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో నంబరు మార్చవచ్చు. వాడుకలో ఉందని బెదిరిస్తుంది. అది ఒకప్పుడు గుచ్చి తీసేసిన కన్వర్టర్ జ్ఞాపకమే అయితే ఒప్పుకోండి. సీహెచ్340ను వేరే యూఎస్‌బీ సాకెట్‌లో పెడితే కొత్త నంబరు వస్తుంది, ఎఫ్‌టీడీఐకి సొంత సీరియల్ నంబరు ఉంటుంది కాబట్టి ఎక్కడ పెట్టినా పాత నంబరే. ఊడ్చేవాళ్లు వైరు తీసి మరో దాంట్లో పెడతారు కాబట్టి సాకెట్ మీద రంగు పూసుకోవడం మంచిది. పొద్దున పలికి మధ్యాహ్నం భోజనం తర్వాత పలకని కాటాకు విండోస్ నిద్రే కారణం. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదాకు ఆపవచ్చన్న టిక్కు తీసేయండి, పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపండి.

కీబోర్డు. గుండ్రటి పిన్నుకు దొరికే చిన్న ఊదారంగు ముక్కలో ఏమీ ఉండదు, వైర్లు మాత్రమే. గుండ్రటి పిన్ను, యూఎస్‌బీ రెండు భాషలూ తెలిసిన కీబోర్డుకే అది పనికొస్తుంది, పాత టీవీఎస్‌కు పలకదు. లోపల చిప్ ఉన్న యాక్టివ్ కన్వర్టర్ అడగండి. అది వైరులా ఉంటుంది, కొసన కీబోర్డుకు, మౌసుకు రెండు సాకెట్లుంటాయి. గుండ్రటి పిన్నును కంప్యూటర్ నడుస్తుండగా తీసి పెట్టకండి.

ఎల్‌బీపీ 2900కు కన్వర్టర్ వద్దు. కానన్ సైటు నుంచి 64 బిట్ క్యాప్ట్ డ్రైవర్ దించండి, సెటప్ అడిగినప్పుడే కేబుల్ గుచ్చండి. ముందే గుచ్చితే విండోస్ ఏదో పేరు పెట్టుకుని కూర్చుంటుంది. సాకెట్ మారిస్తే "కాపీ 1" అని ఇంకొకటి పుడుతుంది, మొదటిది ఆఫ్‌లైన్ అంటుంది. అప్పుడు పాత సాకెట్‌లోనే పెట్టండి. కొత్త బోర్డు నీలం యూఎస్‌బీ 3 సాకెట్‌లో తెగిపోతూ ఉంటే మధ్యలో చవక యూఎస్‌బీ 2 హబ్ పెడితే కుదుటపడుతుంది. డ్రైవర్ అసలు ఎక్కకపోతే సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ పేజీ కింద "విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్" ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఉంటే కంపెనీ డ్రైవర్లను దరి చేరనీయదు. పనిచేసిన డ్రైవర్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. పాత కంపెనీ డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ నుంచి మెల్లగా తప్పిస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లోనే చెప్పింది.

లైడ్ 20 స్కానర్‌కు కానన్ 64 బిట్ డ్రైవర్ ఇవ్వలేదు. వ్యూస్కాన్ అనే ప్రోగ్రాం తన సొంత డ్రైవర్‌తో నడుపుతుంది, కానీ డబ్బు కట్టాలి. పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సు మాత్రమే స్కాన్ చేసేటట్టయితే ఆ డబ్బుకు ఫోన్ కెమెరాయే చాలు. స్కానర్ కోసం సెక్యూరిటీలో మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణను ఆపమని వీడియోల్లో చెబుతారు. లెక్కలున్న మిషన్‌లో అది చేయకండి.

మానిటర్‌కు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ యాక్టివ్ కన్వర్టర్. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ అని తిరగేసి అమ్మేది కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది. 17 అంగుళాల చతురస్రం మానిటర్ అయితే 1280 బై 1024 పెట్టండి.

కరెంటు విషయం వదిలేయకండి. ప్రింటర్ ఒక గోడ ప్లగ్గులో, కంప్యూటర్ యూపీఎస్‌లో, కాటా మరో గదిలో ఉంటే, ఎర్తింగ్ సరిగా లేనిచోట ఆ తేడా అంతా డేటా వైరు గుండా పోతుంది. కన్వర్టర్లు తరచూ మాడిపోతుంటే ముందు అనుమానించాల్సింది ఎర్తింగ్‌ను. మల్టీమీటర్‌ను ఏసీ మీద పెట్టి న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య చూడండి. ఒకటి రెండు వోల్టులు ఫర్వాలేదు, అయిదు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గుంటలో ఉప్పు, బొగ్గు, నీళ్లు చూపించాకే కొత్త సామాను గుచ్చండి.

ఇక మనిషి చేతికి ఇచ్చే చీటీ. ప్రింటర్ వెనక యూఎస్‌బీ లేకపోతేనే 36 పిన్నుల కన్వర్టర్ కేబుల్, లేదా స్లాటు ఉంటే ప్యారలల్ కార్డు. ఎఫ్‌టీడీఐ చిప్ సీరియల్ కన్వర్టర్ రెండు, ఒకటి అలమారలో పెట్టుకోవడానికి. నల్ మోడెమ్ ముక్క ఒకటి. కీబోర్డుకు యాక్టివ్ కన్వర్టర్, మానిటర్‌కు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏది. విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉంటే మనిషి వెంట పంపండి. అంగడి గల్లా దగ్గరే సీరియల్ కన్వర్టర్ గుచ్చి డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు లేదని చూసి, పిన్నీసు పరీక్ష చేసి, ఆ తర్వాతే డబ్బులివ్వమనండి.